నాన్నకి క్రియాటినిన్ 2.4 వచ్చింది, మాది ఉద్దానం, ఇక డయాలసిస్సేనా?

కవిటి_కొబ్బరితోట

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. నేను హైదరాబాద్‌లో పని చేస్తున్నాను, నాకు 29. నాన్నకి 54. దసరాకి ఇంటికి వెళ్తే నాన్న కంచంలో అన్నం సగం వదిలేస్తున్నారు, అడిగితే నోరు చేదుగా ఉందిరా అంటారు. రాత్రి మూడు నాలుగు సార్లు ఒంటికి లేస్తున్నారు. కాళ్ల వాపు లేదు, ముఖం ఉబ్బడం లేదు, మూత్రం మామూలుగానే వస్తోంది. మా ఊళ్లో ఈ లక్షణాలు అందరికీ తెలుసు కాబట్టి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బలవంతంగా శ్రీకాకుళం తీసుకెళ్లి పరీక్షలు చేయించాను.

క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగేది) 2.4, యూరియా 68, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే అంకె) 31, పొటాషియం 5.2, హిమోగ్లోబిన్ 10.6, యూరిక్ యాసిడ్ 8.3. మూత్రంలో ప్రొటీన్ దగ్గర 'ట్రేస్' అని రాశారు. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ ఎనిమిది సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూ ఉన్నాయి, చిన్నబడ్డాయి అన్నారు. బీపీ 130/80, షుగర్ లేదు. డాక్టర్ గారు ఊరి పేరు అడిగి, "ఉద్దానమా, అయితే అదే" అని మూడు రకాల మాత్రలు రాసి పంపేశారు. ఏం తినాలి, ఏం తినకూడదు, మళ్లీ ఎప్పుడు రావాలి, ఏదీ చెప్పలేదు.

మాకు మూడెకరాల కొబ్బరి, కొంచెం జీడి. 2018లో తిత్లీ తుఫానుకి చెట్లు సగానికి పైగా పడిపోయాక నాన్న వేరేవాళ్ల తోటల్లో కూలికి కూడా వెళ్తున్నారు. నడుం నొప్పి అంటే ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం, మాత్రలు తెచ్చుకోవడం ఏళ్లుగా అలవాటు. మా పెదనాన్న ఇదే జబ్బుతో 2014లో పోయారు. అప్పట్లో డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు విశాఖ రైలెక్కేవారు. ఆరు నెలలు తిరిగి, డబ్బూ ఓపికా రెండూ అయిపోయి, నావల్ల కాదని మానేశారు. అది నాన్న కళ్లారా చూశారు. అందుకే ఇప్పుడు "మళ్లీ పరీక్షలూ వద్దు, ఏమీ వద్దు" అని మొండికేశారు.

ఇంకో మాట. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. కిడ్నీ ఇల్లు అని తెలిస్తే ఎవరూ గడప తొక్కరని అమ్మ ఎవరికీ చెప్పనివ్వడం లేదు.

నేను అడిగేది ఏంటంటే, 2.4 అంటే డయాలసిస్ దగ్గరికి వచ్చేసినట్టేనా? ఈ మాత్రలతో తగ్గుతుందా? ఇది నాకూ చెల్లికీ వస్తుందా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

సోంపేట_అక్క

తమ్ముడూ, ముందు ఊపిరి పీల్చుకో. మా అమ్మకి నాలుగేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది, అందుకని చెప్తున్నాను, 2.4 డయాలసిస్ అంకె కాదు. మా అమ్మని మేం మొదటిసారి తీసుకెళ్లేసరికే 9 దాటింది. వాంతులు, ఆయాసం, ఒళ్లంతా దురద, రాత్రి పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునేది. అంతవరకూ గ్యాస్ అనుకుని మాత్రలు వేశాం. ఆ రెండేళ్లు ముందే తెలుసుకుని ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది. నీకు ఆ టైము దొరికింది.

మీ పెదనాన్న రోజులు వేరు, ఇప్పుడు వేరు. ఇప్పుడు పలాస, సోంపేట, కవిటిలోనే డయాలసిస్ చేస్తున్నారు, ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) చేస్తారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో తాగునీళ్లు వస్తున్నాయి. డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 పెన్షన్ వస్తుంది. ఇవన్నీ నాన్నకి ఒక్కొక్కటీ కూర్చుని చెప్పు. ఆయన భయపడుతున్నది జబ్బుకి కాదేమో, ఆ రైలు ప్రయాణాలకేమో.

చెల్లి సంగతి కూడా చెప్తాను. నా పెళ్లికి మావాళ్లు దాచారు. తర్వాత తెలిసి అత్తగారింట్లో రెండేళ్లు మాటలు పడ్డాను. దాచొద్దు. చెల్లికి పరీక్ష చేయించి, రిపోర్టు చేతిలో పెట్టుకుని చెప్పండి.

నాగావళి_ఒడ్డు

బ్రదర్, భయపడకండి. కొండపిండి ఆకు కషాయం పరగడుపున తాగించండి, రోజుకి ఐదు లీటర్ల నీళ్లు పట్టించండి. నాకు కిడ్నీలో 6 ఎంఎం రాయి ఉంటే 20 రోజుల్లో పడిపోయింది. డాక్టర్లు ఆపరేషన్ అన్నారు, అవసరమే రాలేదు. కొబ్బరినీళ్లు కూడా చాలా మంచివి, మీకు తోటే ఉంది కదా.

విశాఖ_నెఫ్రో

నేను కిడ్నీ డాక్టర్ని, ఉద్దానం పేషెంట్లని చాలా ఏళ్లుగా చూస్తున్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా పైన రాసిన సోదరుడికి. మీకు రాయి పడిపోయినందుకు సంతోషం, 6 ఎంఎం లోపు రాళ్లు చాలావరకు నీళ్లతోనే పడిపోతాయి. కానీ రాయి వేరు, ఈ జబ్బు వేరు. రాయి అంటే కాలువకి అడ్డం పడిన బెడ్డ, తీసేస్తే నీరు పారుతుంది. ఇక్కడ మడే ఎండిపోతోంది. పైగా కొండపిండి ఆకులో ఆక్సలేట్ ఎక్కువ, దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, అది లోపలే పేరుకుని ఉన్న కాస్త పనినీ చెడగొడుతుంది. కాబట్టి ఈ కేసులో ఆ కషాయం వద్దు. ఇంకే ఆకు పసరూ, భస్మమూ వద్దు. గాడిదగడపాకు, ఈశ్వరి వేరు జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ యాసిడ్ ఉంటుంది, అది కిడ్నీని పాడు చేస్తుందని గట్టి రుజువులు ఉన్నాయి. పచ్చటి ఆకు కదా, హాని ఏముంటుంది అనుకోకండి.

ఇప్పుడు మీ నాన్నగారి విషయం. ఈజీఎఫ్ఆర్ 31 అంటే మూడో దశలో రెండో సగం. 15 కంటే తగ్గితే ఐదో దశ, అక్కడ కూడా అంకెని బట్టి కాదు, వాంతులు, ఆయాసం, పొటాషియం అదుపు తప్పడం లాంటివి చూసి డయాలసిస్ మొదలుపెడతాం. కాబట్టి ఇంకా దూరం ఉంది. ఆ దూరం ఎంత అన్నది మీరు ఇప్పుడు చేసే పనులమీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. అలాగని పోయిన భాగం తిరిగి రాదు, అది కూడా నిజమే చెప్పాలి.

ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలు ఉంటాయి. కొన్ని చచ్చిపోతే మిగిలినవి వాటి పని కూడా మోస్తాయి, అందుకే దాదాపు సగం పోయేదాకా క్రియాటినిన్ 1.2 గీత దాటదు, మనిషికి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు. నడుం నొప్పి వస్తే కిడ్నీ, రాకపోతే కాదు అనుకోవడం మన దగ్గర పెద్ద పొరపాటు. నాన్నగారి నడుం నొప్పి ఎక్కువశాతం పనివల్లే. రాత్రి పదేపదే ఒంటికి లేవడం మాత్రం కిడ్నీ సంకేతమే కావచ్చు. గొట్టాలు దెబ్బతింటే మూత్రాన్ని చిక్కబరచలేవు, పల్చగా ఎక్కువ వస్తుంది. మూత్రం బాగా వస్తోంది కదా అని ధైర్యపడకూడదు అనేది ఇందుకే. అయితే 54 ఏళ్ల మగమనిషి కాబట్టి ప్రోస్టేట్ వాపు ఉందేమో, మూత్రం పోసిన తర్వాత సంచిలో ఎంత మిగులుతోందో స్కానింగ్‌లో చూపించండి. ఊరి పేరు విని జబ్బు పేరు రాసేయడం నాకు నచ్చదు. ఉద్దానంలో పుట్టినవాళ్లకి కూడా రాళ్లు, ప్రోస్టేట్ అడ్డు, ఇన్ఫెక్షన్లు వస్తాయి, అవి ఉంటే వాటికి వేరే వైద్యం ఉంది.

అవి లేవని తేలితే, అవును, ఇది ఉద్దానం తీరులోనే ఉంది. షుగర్ లేదు, బీపీ పెద్దగా లేదు, మూత్రంలో ప్రొటీన్ కొంచెమే, కిడ్నీలు రెండూ చిన్నవి, మనిషి ఎండలో పనిచేసే రైతు. ఇలాంటిదే శ్రీలంకలో అనురాధపుర, పొలొన్నరువ వైపు వరి రైతుల్లో ఉంది, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరుకు నరికే కూలీల్లో ఉంది. నీళ్లా, పురుగుమందులా, ఎండదెబ్బా, వంశపారంపర్యమా అని దశాబ్దాలుగా వెతుకుతున్నారు, ఒక్క కారణం అని తేలలేదు. ఆ చెరుకు తోటల్లో మాత్రం కూలీలకి నీడ, విరామం, నీళ్లు ఏర్పాటు చేసి కిడ్నీలని కాపాడే ప్రయత్నం చేశారు. నాన్నగారిని మధ్యాహ్నం ఎండలో పనికి వెళ్లనివ్వకండి. పొద్దున్నే వెళ్లి పదింటికల్లా వచ్చేయమనండి, సీసా వెంట పంపండి.

ఇక అన్నిటికంటే ముఖ్యం, ఆ సూదులు ఈ రోజే ఆపండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, నిమెసులైడ్, ఏ పేరుతో వచ్చినా సరే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచే పదార్థం ఒకటి మన శరీరమే తయారు చేసుకుంటుంది. ఈ మందులు దాన్నే ఆపేస్తాయి. ఎండలో చెమటోడ్చి వచ్చిన మనిషికి సాయంత్రం ఆ సూది వేస్తే కిడ్నీకి రెండువైపులా దెబ్బ. నొప్పికి పారాసిటమాల్ వాడండి, కాపడం పెట్టండి. రెండు మూడు వారాలు ఆపి మళ్లీ క్రియాటినిన్ చూడండి, కొంత దిగినా దిగవచ్చు.

మందుల్లో టెల్మిసార్టాన్ లాంటివి, డపాగ్లిఫ్లోజిన్ లాంటివి కిడ్నీ క్షీణించే వేగాన్ని తగ్గిస్తాయి. డపాగ్లిఫ్లోజిన్ షుగర్ మందుగా వచ్చింది, షుగర్ లేని కిడ్నీ పేషెంట్లకి కూడా ఇప్పుడు ఇస్తున్నాం. కానీ పొటాషియం 5.2 ఉంది, ప్రొటీన్ తక్కువ ఉంది కాబట్టి ఏది ఇవ్వాలో రిపోర్టులు ముందుంచుకుని నెఫ్రాలజిస్టే చెప్పాలి. ఇక్కడ చదివి కొనేయకండి. మూత్రంలో ఏసీఆర్ పరీక్ష (ప్రొటీన్ ఎంత పోతోందో చూసేది), రక్తంలో బైకార్బొనేట్, ఐరన్ చూపించండి. హెపటైటిస్ బి టీకా ఇప్పుడే వేయించండి. ఎడమ చేతి నరాల్లో రక్తం తీయడం, సెలైన్ పెట్టడం వద్దని చెప్పండి, కుడిచేతి వాటం మనిషికి రేపెప్పుడైనా ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపే ఆపరేషన్) కావాల్సి వస్తే ఆ చెయ్యే ఆధారం.

మీకూ చెల్లికీ వస్తుందని చెప్పలేను, రాదనీ చెప్పలేను. ఇది ఉద్దానంలో ఒకే ఇంట్లో ఒకరికి మించి కనిపిస్తోంది. ఏడాదికోసారి ఇద్దరూ క్రియాటినిన్, యూరిన్ ఏసీఆర్ చేయించుకోండి. మీకు 29 అన్నారు, చేయించుకున్నారా ఎప్పుడైనా?

కవిటి_కొబ్బరితోట

సార్, ఇంత వివరంగా రాసినందుకు చేతులెత్తి నమస్కారం. లేదు సార్, నేనెప్పుడూ చేయించుకోలేదు. నిజం చెప్పాలంటే భయం.

ఒక్క సందేహం. ప్రోస్టేట్ సంగతి చూపిస్తాను. కొబ్బరినీళ్లు తాగొచ్చా? నాన్న రోజుకి రెండు బోండాలు తాగుతారు, తోటలోకి వెళ్తే అదే ఆయన తాగునీరు. అది కూడా మానమంటే ఎలా ఒప్పించాలో తెలియడం లేదు.

విశాఖ_నెఫ్రో

కిడ్నీ బాగున్నవాళ్లు నిక్షేపంగా తాగొచ్చు, మీరూ చెల్లీ తాగండి. నాన్నగారు ఇప్పుడు మానాలి. ఒక బోండాంలో అరటిపండులో ఉన్నదానికంటే తక్కువ పొటాషియం ఉండదు, ఆయనకి ఇప్పటికే 5.2. అది 6, 6.5 దాటితే ఏ హెచ్చరికా లేకుండా గుండె ఆగిపోవచ్చు. కొబ్బరి తోటల మధ్య ఉన్నవాళ్లకి ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది. మామూలు నీళ్లు దాహానికి తగ్గట్టు తాగనివ్వండి, వాపు లేదు కాబట్టి ఇప్పుడు కొలత పెట్టక్కర్లేదు. ఐదు లీటర్లు బలవంతంగా పట్టించడం కూడా వద్దు.

ఉప్పు రోజుకి ఒక చెంచా లోపు. ఆవకాయ, ఎండుచేప, అప్పడాలు తగ్గించండి. 'తక్కువ సోడియం ఉప్పు' అని షాపుల్లో అమ్మేది మాత్రం కొనకండి, అందులో పొటాషియమే వేస్తారు. కూరగాయలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండండి. పప్పు, గుడ్డు పూర్తిగా మాన్పించి మనిషిని ఎండబెట్టకండి, చాలామంది చేసే తప్పు అదే. ఎంత తినాలో బరువుని బట్టి చెప్తారు.

ఖమ్మం_కోడలు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, మాది ఉద్దానం కాదు కానీ ఈ మాట అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. ఇక్కడ చదివేవాళ్లలో ఎక్కువమందికి కిడ్నీ జబ్బు వచ్చేది షుగర్ వల్ల, బీపీ వల్ల. మా అత్తయ్యకి 15 ఏళ్లుగా షుగర్. మూత్రం పోస్తే నురగ వచ్చి చాలాసేపు పోయేది కాదు, సబ్బు నీళ్లేమో అనుకుంది. పొద్దున కళ్లకింద ఉబ్బు, సాయంత్రం కాళ్ల వాపు. వయసు కదా అనుకున్నాం. షుగర్ డాక్టర్ ప్రతిసారీ రక్తంలో షుగర్ ఒక్కటే చూసేవారు, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష ఎవరూ రాయలేదు, మాకు అడగాలని తెలియదు. తెలిసేసరికి నాలుగో దశ. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఉంటే ఏడాదికోసారి ఆ మూత్ర పరీక్ష మీరే అడిగి చేయించండి, పెద్ద ఖర్చు కూడా కాదు.

మా పక్కింటి పిల్లాడికి ఐదేళ్లకే ముఖమంతా ఉబ్బి నురగ మూత్రం వచ్చింది, నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు, స్టెరాయిడ్ మందులతో వాడికి బాగా తగ్గింది. అంటే అన్ని కిడ్నీ జబ్బులూ ఒకటి కాదు. ఒకరికి జరిగింది చూసి ఇంకొకరు భయపడిపోవద్దు.

చెల్లి_ఇచ్చిన_కిడ్నీ

నాకు 41, ప్రస్తుతం న్యూజెర్సీలో ఉంటున్నా, మాది ఏ.కొండూరు మండలం, అక్కడ తండాల్లో కూడా కిడ్నీ జబ్బు చాలామందిని తీసుకెళ్లింది. నాకు వచ్చింది మాత్రం వేరే, పాలిసిస్టిక్ కిడ్నీ, నాన్న నుంచి వచ్చింది. పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం. నాకు వచ్చింది, చెల్లికి రాలేదు. తనే నాకు ఇచ్చింది. ఆరేళ్లయింది, ఇద్దరం బాగున్నాం.

కిడ్నీ మార్పిడి గురించి ఇప్పుడే కంగారు లేదు కానీ తెలిసి ఉండటం మంచిది కాబట్టి రాస్తున్నాను. 1994 చట్టం ప్రకారం తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు దగ్గరి బంధువులుగా ఇవ్వొచ్చు, తర్వాత సవరణలో తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు, మనవలు కూడా చేరారు. ఇచ్చేవాళ్లు లేకపోతే ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. కొత్త కిడ్నీ పొత్తికడుపులో పెడతారు, పాతవి మామూలుగా అలాగే ఉంచేస్తారు. తర్వాత జీవితాంతం మాత్రలు, ఒక్క పూట కూడా తప్పకూడదు. డబ్బు తీసుకుని ఇప్పిస్తామనే దళారులు ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే పెట్టేయండి. అది నేరం, అంతకంటే ఘోరం ఇచ్చేవాడి ప్రాణం.

నువ్వే దాతవి కావాల్సి రావచ్చు తమ్ముడూ. కానీ మీ ఇంట్లో ఉన్నది ఇలాంటి జబ్బు కాబట్టి నిన్ను చాలా జాగ్రత్తగా పరీక్షించాకే ఒప్పుకుంటారు. ఆ కారణంగా అయినా ముందు నీ రక్తం పరీక్ష చేయించుకో.

సోంపేట_అక్క

అవును తమ్ముడూ, నువ్వు చేయించుకో. నాన్న చేయించుకోనంటున్నారు కదా, "నేనూ చేయించుకుంటాను, ఇద్దరం కలిసి వెళ్దాం" అను. మా తమ్ముడి మాట మా అమ్మ అలాగే వింది.

కవిటి_కొబ్బరితోట

ఐదు వారాలైంది, అందరికీ చెప్పాలని వచ్చాను.

అక్క చెప్పినట్టే చేశాను. సెలవు పెట్టి ఊరెళ్లి, నాకూ చెల్లికీ పరీక్ష ఉంది, తోడు రా నాన్నా అన్నాను. ఏమీ మాట్లాడకుండా చొక్కా వేసుకుని వచ్చారు. నా క్రియాటినిన్ 0.9, చెల్లిది 0.7, ఇద్దరికీ మూత్రంలో ఏసీఆర్ మామూలుగానే ఉంది. నా రిపోర్టు ల్యాబ్ బయట బెంచీ మీద నాన్నే ముందు చదివారు, కళ్లు తుడుచుకున్నారు. పెదనాన్న పోయినప్పుడు కూడా ఆయన కళ్లల్లో నీళ్లు నేను చూడలేదు.

నాన్నది సూదులు ఆపిన నాలుగు వారాలకి 2.1 వచ్చింది, ఈజీఎఫ్ఆర్ 37, పొటాషియం 4.8. ప్రోస్టేట్ అడ్డు లేదు. నెఫ్రాలజిస్ట్ డపాగ్లిఫ్లోజిన్, సోడా మాత్రలు, ఐరన్ రాశారు, మూడు నెలలకోసారి రమ్మన్నారు, హెపటైటిస్ బి టీకా మొదటి డోసు అయింది. ఆర్ఎంపీ గారిని కూడా కలిసి రిపోర్టు చూపించాను, ఆయన మంచి మనిషే, ఇన్ని రోజులూ ఎవరూ చెప్పలేదు బాబూ అన్నారు. ఆ సూదులు ఇంకెవరికైనా వేసేముందు అడుగుతానన్నారు.

బోండాం విషయంలో మాత్రం రోజూ గొడవే. నిన్న అమ్మ ఫోన్ చేసింది, తోటలో ఒకటి కొట్టి, గ్లాసులో పోసి, చెల్లి చేతికి ఇచ్చి, తను కుండలో నీళ్లు తాగారట.

విశాఖ డాక్టర్ గారూ, ఇంకొకటి అడగాలి. మొన్న నాన్నకి విరేచనాలు పట్టుకుని రెండు రోజులు సరిగ్గా తినలేదు. అలాంటప్పుడు డపాగ్లిఫ్లోజిన్ వేయొచ్చా?

విశాఖ_నెఫ్రో

చాలా సంతోషం. వేయకూడదు. వాంతులు, విరేచనాలు ఉన్నా, తిండి సరిగ్గా లేకపోయినా డపాగ్లిఫ్లోజిన్ ఆపి, మళ్లీ మామూలుగా తిని తాగడం మొదలయ్యాక వేయాలి. బీపీకి టెల్మిసార్టాన్ ఎప్పుడైనా రాస్తే దానికీ ఇదే లెక్క. రెండు రోజులు దాటినా, మూత్రం తగ్గినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి క్రియాటినిన్, పొటాషియం చూపించండి. ఓఆర్ఎస్‌లో కూడా పొటాషియం ఉంటుంది, ఎంత ఇవ్వాలో మీ డాక్టర్‌ని ఫోన్‌లో అడిగి ఇవ్వండి. మొన్న విరేచనాలు అయ్యాయి కాబట్టి మూడు నెలలు ఆగొద్దు, ఈ వారమే ఒకసారి రక్తం చూపించి ఇక్కడ రాయండి.